వడ్ల పోశయ్య బిడ్డ చేసిన గిటార్

ఆ గిటార్ ప్రశాంత్ చేసిండని ఇంకోపారి ఎవరన్న నా ముంగట అంటె చెప్పు తీస్త. ముందే చెప్తున్న. నాకు యాభై నాలుగేండ్లు, బీపీ గోలీ రోజూ ఏస్కుంట, నన్ను ఊకె కెలకకున్రి.

మొన్న జూన్ల, రాష్ట్రం వచ్చిన వారానికి, నా మనుమరాలికి రాసుకునే బల్ల కొందామని అన్నోజిగూడ పోయిన. రోడ్డు మీదనే పెద్ద ఫర్నిచర్ దుకాణం. లోపల అద్దాల అరల ఎర్రగుడ్డ పరిచి దాన్ని పండవెట్టిన్రు. మీదికెల్లి పూలదండ. కింద అట్టముక్క మీద ముద్దుగ రాసిన్రు, ‘మా అల్లుడు ప్రశాంత్ చేతిపని’ అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “ఎవరయ్యా గిది చేసింది?” అన్న. గల్లపెట్టె కాడ కూసున్నాయన పండ్లు ఇకిలించి, “మా అల్లుడేనమ్మా, వడ్లోళ్ళ రక్తం ఊకె పోతదా” అన్నడు. “ఐతె మీ అల్లున్ని పిల్వు, ఒక్క మొల సక్కగ కొట్టి సూపియ్యమను” అన్న. నన్ను పిచ్చిదాన్ని సూసినట్లు సూసి, జర నీళ్ళు తాగుమన్నడు. నేను నీళ్ళు తాగలే, బల్ల కొనలే. బస్సెక్కి కూడ తిట్టుకుంటనే కూసున్న. పక్కన కూసున్నామె లేచి ఎనక సీటుకు పోయింది.

అది చేసింది త్రివేణి. ఉప్పల్‌ల చెక్కపని చేసే వడ్ల పోశయ్య బిడ్డ, ప్రశాంత్‌కు అక్క. నా పేరు సాలమ్మ. మేమిద్దరం నాచారంల ఒక చిన్న కంపెనీల ఒకే బెంచీ మీద పని చేస్తం. రిలేలకు, చిన్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకు రాగితీగె చుట్టుడు మా పని. తీగె అంటె మీరు ఇంట్ల సూసే కరెంటు తీగె కాదు, ఎంటికె కంటె సన్నం. జర గట్టిగ ఊపిరి తీస్తె తెగుతది. మిషన్ల మీద తొమ్మిదిమంది ఆడోళ్ళం కూసుంటం, ఒక్కో కాయిల్‌కు ఎన్ని చుట్లో కౌంటర్ల సూసుకుంట. నేను ఇరవై రెండేండ్ల నుంచి చుడుతున్న. త్రివేణి తొమ్మిదేండ్ల కింద వచ్చింది.

ఎట్ల వచ్చిందంటె, పెండ్లైన రెండేండ్లకు మొగుడు ఇంకొకామెను తెచ్చుకుండు. ఇదేమో ఒక్క సూట్‌కేసు పట్టుకొని నాయిన ఇంటికి వచ్చింది. మూల కూసోని ఏడుస్తదనుకున్నరు అందరు. నెల తిరగకముందే మా బెంచీ మీద ఉన్నది. అప్పటి సంది ఆ ఇల్లు నడిచింది దాని జీతం మీదనే. పోశయ్యకు కుడిచెయ్యి వణుకుడు మొదలైంది, పెద్ద పనులు ఒప్పుకుంటలేడు. ప్రశాంతేమో ఉప్పల్ చౌరస్తల ఫోన్లు అమ్మే దుకాణంల ఉంటడు. పిలగాడు చెడ్డోడు కాదు, నేనెందుకు అబద్ధమాడాలె. కాని వడ్లోళ్ళింట్ల పుట్టి స్క్రూ ఎటు తిప్పితె బిగుస్తదో తెలువదు. వాని తెలివంత నెత్తిమీది జుట్టు దువ్వుకునే కాడనే ఆగిపోయింది.

రెండేండ్ల కింద వానకాలంల, మెట్రో స్తంభాల కోసం మా రోడ్లన్ని తవ్వి పోసినప్పుడు, మోకాలిదాంక బురదతోని ఒకాయన కంపెనీకి వచ్చిండు. పేరు రాఘవేంద్ర. గుంటూరు దిక్కు మనిషి, రామంతాపూర్‌ల ఉంటడు, పెండ్లిండ్లల్ల ఆర్కెస్ట్రాతోని గిటార్ వాయిస్తడు. చేతిల అగ్గిపెట్టె కంటె జర పొడుగున్న నల్ల డబ్బి. “అమ్మా, ఇది నా గిటార్ లోపలిదండీ. తీగల కింద ఉంటుంది. చచ్చిపోయింది. కోఠీలో అందరూ పారెయ్యమంటున్నారు. మీరు చుట్టగలరేమోనని వచ్చాను” అన్నడు. మా సూపర్‌వైజర్ మాకు పనిలేదా అన్నడు. త్రివేణి మాత్రం డబ్బి అందుకొని, మూత తీసి సూసి, నవ్వింది. “గింతేనా సాలక్కా! నడుమ అయస్కాంతం, చుట్టు తీగె. మనం రోజూ చేసేదే.”

భోజనాల టైమ్‌ల చుట్టి ఇచ్చింది. ఏడువేల ఐదొందల చుట్లు. రాఘవేంద్ర తెల్లారి గిటార్ పట్టుకొచ్చి, చిన్న స్పీకర్ డబ్బకు తగిలించి గేటు కాడ ఒక్క తీగె మీటిండు. నేను సూసింది గిటార్‌ను కాదు, త్రివేణి మొఖాన్ని. ఇన్నేండ్లు మనం చుట్టిన కాయిల్స్ ఏడికి పోతయో, ఏ డబ్బల పడి ఏం చేస్తయో మనకు తెల్వది. లారీ ఎక్కుతయి, అయిపోతది. గా దినం మొదటిపారి దాని చేతిపని నోరు తెరిచి మాట్లాడింది. ఇగ ఆ పోరి సోయిల లేదు. “దీనికి గొంతు నేను ఇచ్చిన. కట్టె పెయ్యి గూడ నేనే ఎందుకు చెయ్యొద్దక్కా?” అన్నది. నేనేమన్ననో చెప్పాలె, దాయను. “నోరు మూసుకొని పని చేస్కో, మీ నాయిన ఇంట్ల ఆడోళ్ళు చెక్క ముట్టరు” అన్న. గా మాట యాది వస్తె నా మీద నాకే కోపం వస్తది.

వాళ్ళింట్ల సంగతి గిది. ఎనక రేకుల షెడ్డుల పోశయ్య పనిముట్ల పెట్టె ఉంటది. వాళ్ళ తాత కాలంది. ఉలులు, రంపాలు, చెక్క నున్నగ చేసే రందలు, ఒక్కొక్కటి అద్దమోలె ఉంటయి. ప్రతి దసరాకు ఇంటి ఆడపిల్ల వాటిని కడగాలె, తుడవాలె, పసుపు కుంకుమ పెట్టాలె. మగోడు పట్టాలె. ముసలోడు చెయ్యి ఆడనప్పుడు, పని ఎత్తుకునేటోని చేతుల, దసరా దినమే, తమోళ్ళ పదిమంది ముంగట, కొబ్బరికాయ కొట్టి ఆ పెట్టె పెడ్తడు. కడుగుడుకు పనికొచ్చే చెయ్యి పట్టుడుకు ఎందుకు పనికిరాదని అడిగితె, “గట్లనే ఉన్నది చెల్లె, నేను పెట్టిన్నా” అంటడు పోశయ్య. ఎవరు పెట్టిన్రో ఎవ్వరికి తెల్వదు, తీసేటోడు మాత్రం ఒక్కడు లేడు!

ఒక ఆదివారం నేను వాళ్ళింట్ల చాయ్ తాగుతున్న. త్రివేణి వంటింట్ల నుంచి వచ్చి సక్కగ అడిగింది.

“నాయినా, పెట్టె నాకియ్యి.”

పోశయ్య నవ్విండు. “ఏం జేస్తవ్ బిడ్డా, పప్పు రుద్దుతవా ఉలితోని?”

“గిటార్ చేస్త.”

“గిటారా! నా అసొంటోడు నలభై ఏండ్లు దర్వాజలు, తలుపులు చేసిండు గాని వీణె జోలికి పోలే. నీతోని ఏమైతది?”

“ఐతె ఏమిస్తవ్?”

నవ్వుకుంటనే అన్నడు, కాని అన్నడు. నా చెవులతోని విన్న. “అది సక్కగ పలికితె, వచ్చే దసరాకు కాదు, ఆ పై దసరాకు, మనోళ్ళందరి ముంగట పెట్టె నీ చేతిల పెడ్త. ఇగో, సాలమ్మ చెల్లె సాక్షి. అప్పటిదాంక పెట్టెలయి ముట్టొద్దు. బయట పడ్డ పాతయి ఉన్నయి, అయి వాడుకో.”

పాతయి అంటె ఏందనుకున్నరు? పిడి లేని ఉలి, పండ్లు అరిగి మొద్దుగైన లావు రంపం, తుప్పు పట్టిన రంద. గవే తీస్కొని మొదలువెట్టింది పోరి. పాత ఇండ్లు కూలగొట్టిన సామాను అమ్మే దుకాణంల టేకు తలుపు ఒకటి కొన్నది. దాని పాత రంగు గీకనీకే మూడు ఆదివారాలు పట్టింది. రెండు పలకలు అంటువెట్టి, గిటార్ గీసుకొని, మొద్దు రంపంతోని గోసింది. చేతులకు బొబ్బలు. బొబ్బలతోని సన్న తీగె చుడితె తెగుతదని అరచేతులకు గుడ్డలు కట్టుకొని చెక్క పని చేసేది. రంద పట్టంగ చెక్క లేచిపోయి, మొదటి పలక పాడైతె ఇంకో పలక తీసింది. రాఘవేంద్ర తన పాత గిటార్ కెల్లి తీగెలు బిగించే మరలు, మెట్లకు ఏసే లోహపు తీగె ఇచ్చిండు. కాయిల్ మాత్రం అది మా బెంచీ మీదనే, డ్యూటీ అయినంక చుట్టుకుంది. ఏడువేల ఎనిమిదొందల చుట్లు, ఒక్కపారి తెగలే.

పోశయ్య రోజూ షెడ్డు గుమ్మం కాడ కూసోని సూసేటోడు. నోరు ఊకుంటదా? “ఉలి గట్ల పట్టొద్దు, బొటనేలు ఎనక పెట్టు. చెక్క నరం సూడు, నరానికి ఎదురు పోకు.” తిట్టుకుంట నేర్పిచ్చిండు. దాన్ని నేర్పుడు అని ఒప్పుకోడు, టైమ్‌పాస్ అంటడు. కాని ఒకపారి నేను సూసిన, అది కోసిన అంచును వణికే వేలితోని రాసి సూసి, తల ఊపిండు. నాకు గప్పుడు ఆయన మీద మస్తు ప్రేమ, పావురం అనిపించింది. ఎంత మోసపోయిన!

మెట్ల కాడ వచ్చింది కిరికిరి. గిటార్ మెడ మీద అడ్డంగ మెట్లు ఉంటయి కద, వేలు పెట్టేటయి. ఏది ఎంత దూరంల ఉండాల్నో లెక్క ఉంటది, పైకి పోయిన కొద్ది దగ్గర పడుతయి. త్రివేణి ఇంటర్నెట్ సెంటర్ల కాయితం తీపిచ్చుకొచ్చింది. మొదటి మెట్టుకు ముప్పై ఆరు పాయింట్ మూడు ఏడు మిల్లీమీటర్లు అట. పోశయ్య ఆ కాయితం సూసి పడి పడి నవ్విండు. “పాయింట్ మూడు ఏడా! చెక్కల పాయింట్లు ఉండయి బిడ్డా. అంగుళానికి ఎనిమిది సూత్‌లు. సూత్ కంటె కిందికి వడ్లోడు లెక్క పెట్టడు. పదకొండు సూత్‌లు పెట్టు. ఒకటి గోయి, గోసిన కాడికెల్లి రెండోది కొలువు. మేం పట్టీల తలుపులు గట్లనే చేస్తం.”

నాయిన మాట. నలభై ఏండ్ల అనుభవం. అది తలకాయ ఊపి, పెన్సిల్‌తోని గీసి, లావు రంపంతోని గోసి, గోసిన కాడికెల్లి మళ్ళ కొలిచి, మెట్లన్ని దిగ్గొట్టింది. మరుసటేడు ఎండకాలం నాటికి గిటార్ నిలవడ్డది. చూస్తె ఏమున్నది! టేకు చెక్క నూనె పట్టి, తేనె రంగు తేలింది. రాఘవేంద్ర వచ్చి, ఒట్టి తీగెలు మీటి “అబ్బ!” అన్నడు. మెట్ల మీద వేలు పెట్టి వాయించుకుంట పైకి పోయిండు. పోయిన కొద్ది ఆయన మూతి వంకర పోయింది. నాకు సంగీతం తెలువదు, కాని వింటుంటె నాకే పండ్లు జివ్వుమన్నయి.

“త్రివేణి గారూ, ఏమీ అనుకోకండి. గొంతు చాలా బాగుంది. కానీ శ్రుతి నిలవట్లేదండీ. పైకి వెళ్ళేకొద్దీ తప్పుతోంది. దీంతో వాయిస్తే పెళ్ళివాళ్ళు కుర్చీలు విసురుతారు.”

పోశయ్య లేచి దులుపుకున్నడు. “చెయ్యి వంకర పోయింటది. ఆడచెయ్యి కద.”

ఆడచెయ్యి! ఏడువేల ఎనిమిదొందల చుట్లు తెగకుండ చుట్టిన చెయ్యి! నేను నోరు తెరిచేలోపల త్రివేణి గిటార్ గోడకు ఆనిచ్చి ఇంట్లకు పోయింది. వారం దినాలు దాని జోలికి పోలే. బెంచీ మీద దాన్ని దులిపిన. “నీకు సిగ్గు లేదా? కాయిల్‌ల తేడా వస్తె మనమేం చేస్తం, చెయ్యి వంకర అని ఏడుస్తమా? మీటర్ పెట్టి కొలుస్తం కద!” అన్న. అది నా దిక్కు సూసింది. మధ్యాహ్నం టూల్ రూమ్‌కు పోయి అర మిల్లీమీటర్ గీతలున్న ఉక్కు స్కేలు అడిగి తీస్కపోయింది.

ఇంటికి పోయి కొలిచింది. పన్నెండో మెట్టు కాడికి వచ్చేసరికి నాలుగు సూత్‌ల తేడా, అంటె అర అంగుళం. ఎందుకంటె, లావు రంపం గోసిన ప్రతిపారి జరంత చెక్క తింటది. గోసిన కాడికెల్లి మళ్ళ కొలిస్తె, ఆ తిన్నదంత కలుసుకుంట పోతది. దాని మీద సూత్‌ల లెక్క వేరే. తలుపుకు ఏం కాదు, ఆ తేడా ఆఖరు పట్టీ తింటది, దాన్ని జర సన్నగ గోసి ఇరికిస్తరు, ఎవ్వరికి కనవడదు. గిటార్‌ల ఆఖరు పట్టీ లేదు. ప్రతి మెట్టు వినవడ్తది.

“నాయినా, నీ సూత్ తప్పు” అన్నది.

ఇగ సూడాలె పోశయ్యను! “నా కొలత తప్పా? ఉప్పల్‌ల నేను పెట్టిన తలుపు ఒక్కటి రాసుకుంటదా? ఎవన్నన్న అడుగు! గుడ్డు పిల్లకు పాఠం చెప్పినట్లు నాకు చెప్తవా?” ఇల్లెగిరిపోయింది. రెండు రోజులు తిండి మానేసిండు. అది ఆయన కంచం ముంగట పెట్టి, షెడ్డుకు పోయి, మెడ మీది మెట్ల పలక మొత్తం ఊడబీకింది. కొత్త పలక తీసుకున్నది. ఈపారి పెన్సిల్ లేదు, బ్లేడుతోని గీత. అన్ని మెట్లు ఒక్క కొస కాడికెల్లే కొలిచింది. ఇనుము గోసే సన్న హాక్సా బ్లేడుతోని గోసింది. నాలుగు ఆదివారాలు. అప్పుడే ఢిల్లోళ్ళు రాష్ట్రం ఇస్తమని ప్రకటన చేసిన్రు. ఉప్పల్ చౌరస్తల పటాకులు, డప్పులు, రంగులు, మేమందరం ఎగిరినం. షెడ్డుల అది వంగి మెట్లు దిగ్గొట్టుకుంటనే ఉన్నది.

రాఘవేంద్ర మళ్ళ వచ్చిండు. కిందికెల్లి పైకి, పైకెల్లి కిందికి వాయించిండు. ఆగిండు. మళ్ళ వాయించిండు. “ఏమండీ, ఇది మీరు నాకు అమ్ముతారా?” అన్నడు. త్రివేణి అడ్డంగ తల ఊపింది. పోశయ్య తలుపు ఎనక నిలవడి విన్నడు. బయటికొచ్చి, మెడ మీద చెయ్యేసి, మెట్టు మెట్టుకు వేలు రాసుకుంట పోయిండు. “పలుకుతున్నది” అన్నడు. కండ్లల్ల నీళ్ళు. నేను నమ్మిన. మాట మీద నిలవడ్తడని నా కడుపు నిండ నమ్మిన.

దసరా వచ్చింది. పొద్దుగాలనే పెట్టె బయటికి తీసి, ప్రతి ఉలి, ప్రతి రంద త్రివేణే కడిగింది, బొట్లు పెట్టింది. నడుమ గిటార్ పెట్టిన్రు, దానికి గూడ పసుపు. కొత్త చీర కట్టింది. నేను గాజులు ఎయ్యిచ్చిన. తమోళ్ళు ఇరవై మంది దాంక వచ్చిన్రు. వాళ్ళల్ల అన్నోజిగూడోళ్ళు ఒక కుటుంబం కొత్తగ కనవడ్డరు, ఫర్నిచర్ దుకాణపోళ్ళు. ప్రశాంత్‌కు పిల్లనిద్దామని సూడనీకి వచ్చిన్రట. వాళ్ళకు చెయ్యి పని తెలిసిన అల్లుడు కావాల్నట. గది మాకు అప్పటిదాంక ఎవ్వరు చెప్పలే.

వాళ్ళ పెద్దమనిషి గిటార్ సూసి, “అరె, గిది ఎవరు చేసిన్రు పోశన్నా? మస్తున్నది పని!” అన్నడు.

త్రివేణి నిలవడ్డది. కొంగు సర్దుకుంది. నాయిన దిక్కు సూసింది.

పోశయ్య దాని దిక్కు సూడలే. “మా పిలగాడు” అన్నడు. “మా ప్రశాంత్.”

గట్లనే కొబ్బరికాయ కొట్టిండు, వణికే చేతులతోని పెట్టె ఎత్తి ప్రశాంత్ చేతుల పెట్టిండు. వాడు పెట్టె మొయ్యలేక ముందుకు తూలిండు. అక్క దిక్కు ఒకపారి సూసి తల వంచుకుండు. అందరు చప్పట్లు కొట్టిన్రు. అన్నోజిగూడోళ్ళను భోజనాలకని పక్కింటికి తీస్కపోయిన్రు.

నేను ఊకుంటనా? “ఓ పోశన్నా! నీ నోట్ల మన్ను వడ, ఎవరు చేసిన్రు? నేను సాక్షిని గాదా?” అని లేచిన. ముగ్గురు ఆడోళ్ళు నన్ను పట్టుకొని కూసోవెట్టిన్రు. “మంచి పనికాడ గొడవ ఏంది, పెండ్లి మాటలు నడుస్తున్నయి” అంటున్నరు. పోశయ్య చేతులు జోడించి నాకు దండం పెడుతున్నడు, అందరి ఎనక నిలవడి, ఎవ్వరికి కనవడకుండ. దండం! ఆ చేతులు ఇరగ్గొట్టాలనిపించింది.

త్రివేణి ఏడ్వలే. లోపలికి పోయి తన స్క్రూడ్రైవర్, వైర్ కట్టర్ తెచ్చింది. గిటార్ ముంగట కూసున్నది. తీగెలు వదులు చేసింది, రెండు స్క్రూలు ఇప్పింది, తీగెల కిందికెల్లి కాయిల్ బయటికి గుంజి, రెండు వైర్లు కట్ కట్ అని కత్తిరించింది. అందరు నోరెళ్ళవెట్టి సూస్తున్నరు.

“చెక్క మీ పిలగాడు చేసిండన్నవ్ కద నాయినా, ఉంచుకోన్రి. గిది మాత్రం నాది.”

కాయిల్ రుమాలుల సుట్టుకొని, సూట్‌కేసు సర్దుకొని, నా ఎంబడి నాచారం వచ్చింది. నాది ఒక్క అర్ర, ఒక్క చాప. గా రాత్రి కెల్లి ఆ చాప మీద ఇద్దరం.

ఐదో రోజు డ్యూటీ ఇడిచే టైమ్‌కు గేటు కాడ పోశయ్య. చద్దర్ల చుట్టిన గిటార్ చంకల పెట్టుకొని ఆటో దిగిండు. మొఖం పీక్కపోయింది. మేం తొమ్మిదిమంది ఆడోళ్ళం, వాచ్‌మన్, పక్క కంపెనీ పిల్లలు, అందరు సూస్తున్రు.

“బిడ్డా, ఎల్లుండి అన్నోజిగూడోళ్ళు వాళ్ళ చుట్టాలను తీస్కొని వస్తున్రు. వాయించి సూపియ్యమంటున్నరు. ఇది ఉత్త కట్టె లెక్క ఉన్నది. జర ఆ డబ్బి పెట్టియ్యి. నా ఇజ్జత్ పోతది.”

“ఎవరు చేసిన్రు నాయినా గిది?” అన్నది త్రివేణి.

“నువ్వే బిడ్డా.”

“గట్టిగ చెప్పు.”

చెప్పిండు. ఏం దాయాలె, చెప్పిండు. “నా బిడ్డ చేసింది!” అన్నడు. వాచ్‌మన్ ముంగట, మా అందరి ముంగట. “నా బిడ్డ త్రివేణి చేసింది. నా కొలతే తప్పు, దాని కొలతే ఒప్పు. నాకంటె మంచి చెయ్యి దానిది.” మా ఆడోళ్ళల్ల ఇద్దరు కండ్లు తుడుసుకున్నరు. నాకు గూడ గుండె కరిగింది, అబద్ధమెందుకు. ఇగ ఇచ్చేస్తదనుకున్న.

“ఎల్లుండి గూడ గిదే మాట చెప్తవా? వాళ్ళ ముంగట?” అన్నది.

పోశయ్య నేల సూసిండు. “తమ్ముని పెండ్లి తప్పిపోతది బిడ్డా.”

“ఐతె పో నాయినా. ఈడ చెప్తె నీకు పోయేదేం లేదు.”

ఆయన గిటార్‌కు చద్దరు మళ్ళ కప్పుకొని, ఆటో ఎక్కి పోయిండు. వాయిద్యం పాడైందని వాళ్ళకు చెప్పిండట, సూడనీకే సాలు అన్నరట వాళ్ళు. మాఘంల పెండ్లి అయ్యింది, గిటార్ వాళ్ళ దుకాణం చేరింది. మమ్మల్ని పిల్వలే, పిలిచినా పోయేటోళ్ళం కాదు. ఢిల్లోళ్ళకైన నోరు వచ్చింది, పోశయ్యకు రాలే. మంచోడు, ప్రేమ ఉన్నోడు, గందుకే నాకు ఆయన మీద కోపం ఎక్కువ. చెడ్డోడైతె తిట్టి ఊకుందును.

గా గేటు కాడి సంగతి అయిన తెల్లారి త్రివేణి బెంచీ మీద కూసున్నది. తీగె ఎక్కిచ్చింది, తెగింది. మళ్ళ ఎక్కిచ్చింది, మళ్ళ తెగింది. తొమ్మిదేండ్లల్ల దాని చేతిల వరుసగ మూడుపార్లు తెగంగ నేను సూసింది గా దినమే. “ఏడువ్ పోరి, ఏడిస్తె పోతది” అన్న.

“ఏడుపు కాదక్కా” అన్నది. “చిన్నప్పటి సంది ఆయన నోట్ల ఆ మాట కోసమే సూసిన. నిన్న చెప్పిండు, అందరు విన్నరు. రాత్రంత దాన్నే యాది చేస్కున్న. సంతోషం వస్తదని సూసిన. వస్తలేదక్కా.”

నేను నా మిషన్ ఆపి, దాని మిషన్ మీద తీగె ఎక్కిచ్చి, కొస దాని చేతికిచ్చిన.